అమ్మ పక్కన ఇంకొకరి అడుగులు

మార్చి 2, ఆదివారం

అమ్మ ఈరోజు మా చర్చి గుడిలో సాక్ష్యం చెప్పింది. రాసిచ్చింది నేనే. పదకొండు వాక్యాలు రాశాను. అమ్మ కాగితం చూడకుండా నలభై చెప్పింది.

పదిహేనేళ్ల షుగరు. ఐదేళ్ల అరికాళ్ల మంట. ఎండాకాలం నాపబండల మీద నీళ్లు చల్లుకుని కాళ్లు పెట్టుకోవడం, చలికాలంలో కూడా దుప్పటిని పాదాల మీదికి రానీయకపోవడం, అన్నీ చెప్పింది. పోయిన నెల స్త్రీల సమాజం వాళ్లు ఇరవై ఒక్క రోజులు ప్రార్థన చేశారు. ఇరవయ్యో రోజు మంట పోయింది.

"పొద్దున్నే లేసి అడిగినా నా కాళ్లను, మండతాండారా అని. పలకలేదు" అంది అమ్మ. అంగన్‌వాడీలో పిల్లలకు కథ చెప్పే గొంతుతోనే. అందరూ స్తోత్రం అన్నారు. నాయన చివరి చాప మీద కూర్చుని కళ్లు తుడుచుకున్నాడు. ఆయన కాలువ లస్కరు, తూములు ఎత్తి దించే పని. తూముల దగ్గర ఒంటరిగా తిరిగే మనిషి. నలుగురిలో ఏడవడం ఇదే మొదటిసారి చూశాను.

బయట చెప్పుల దగ్గర జీవమ్మత్త అమ్మ చెయ్యి పట్టుకుంది. మా వీధి చివరి ఇల్లు వాళ్లది. అమ్మకూ ఆమెకూ ఒకే ఏడాది షుగరు బయటపడింది. "నీ కాళ్లకు ఏం చెప్పినావో ఆ మాట నా కాళ్లకూ చెప్పు మే రత్నం. నావి రేయంతా నాతో కొట్లాడతాండాయి" అంది. అందరూ నవ్వారు.

సాయంత్రం బస్సుకు ఆళ్లగడ్డ నుంచి నంద్యాల వచ్చేశాను. హాస్టల్లో ఇది రాస్తున్నాను. అమ్మ కాళ్లు పలకలేదన్న మాట బస్సులో శిరివెళ్ల దాకా నాతోనే ఉంది.

మార్చి 5, బుధవారం

శ్రమల దినాలు మొదలు. అమ్మ ఫోన్ చేసింది. ఈస్టర్ దాకా చెప్పులు వేసుకోదట. కృతజ్ఞతగా. "మంట తీసేసిన కాళ్లు. ఆయనకే ఇచ్చినా" అంది. మధ్యాహ్నం దాకా ఉపవాసం కూడా.

"మరి ఇన్సులిన్ సూది?"

"సూది సూదే. దాన్ని మానలేదులే."

మంచిదమ్మా అన్నాను.

మార్చి 8, శనివారం

శనివారం కదా, ఇంటికి వచ్చాను. అమ్మ నా మెడ రుద్దింది. శనగపిండి, నిమ్మచెక్క. "నీడలో కూచోని పుస్తకాలు సర్దేదానికి మెడ ఇట్లా ఎట్లా మాసిపోతాదో" అంది. చర్మం ఎర్రబడింది. నలుపు మాత్రం పోలేదు.

తర్వాత రొట్టెలు తడుతూ, పక్కింటి సంగతి చెప్పినట్టు చెప్పింది.

"పాపా, నా పక్కన ఎవరో నడుస్తాండారు."

"ఎవరు?"

"నేను ఆగితే ఆగుతాండారు. నేను కదిలితే కదులుతాండారు. అంగన్‌వాడీ సెంటర్ కాడ్నించి ఇంటిదాకా. టప్పు టప్పు అని ఒట్టి కాళ్ల సప్పుడు."

"నీ అడుగులే అయ్యుంటాయి."

"నా అడుగు నాకు తెలీదా? నేల తగిలితే గదా నా అడుగు. నేనైతే గాలిలో పోయినట్లు పోతాండా. ఆ అడుగులు మాత్రం నేల మీద పడతాండాయి."

భయం వేయలేదా అని అడిగాను.

"ఆయన పక్కన ఉంటే భయమేంది" అంది. రొట్టె తట్టడం ఆపలేదు. జొన్నపిండి చప్పుడు, గాజుల చప్పుడు. అమ్మ ముఖం అంత నెమ్మదిగా ఉండగా ఎప్పుడూ చూడలేదు.

మార్చి 9, ఆదివారం

గుడికి వెళ్లేటప్పుడు కావాలనే అమ్మకు నాలుగు అడుగులు వెనక నడిచాను. విన్నాను. అమ్మ పాదాలు పడుతున్న తీరు మారింది. తలుపు తట్టినట్టు గట్టిగా పడుతున్నాయి. నేను ఆగాను. అమ్మ నడుస్తోంది. ఇంకో చప్పుడు కూడా వినిపించింది.

దారి పక్కన శిల్పుల పాకలో ఉలి. అంతే.

మార్చి 11, మంగళవారం

నేను పనిచేసే కాన్వెంటు లైబ్రరీలో తీసేయాల్సిన పుస్తకాల గుట్ట సర్దుతున్నాను. అందులో అట్ట ఊడిన వైద్య పుస్తకం ఒకటి. షుగరు అధ్యాయం చదివాను.

మొదట నరం మండుతుంది. తర్వాత చస్తుంది. చచ్చిన నరం మండదు. మంట తగ్గగానే జబ్బు తగ్గిందని అనుకోరాదు. అలాంటివాళ్లు ఒట్టి కాళ్లతో నడవరాదు. రోజూ అరికాళ్లు అద్దంలో చూసుకోవాలి.

పుస్తకం చాలా పాతది. ఈ మధ్య వైద్యం ఎంతో మారి ఉంటుంది.

పేజీ మడవలేదు. పుస్తకాల పేజీలు మడవకూడదని సిస్టర్ ఐదో తరగతిలోనే చెప్పింది.

మార్చి 12, బుధవారం

మడవకపోయినా ఆ పుస్తకం అక్కడే తెరుచుకుంటోంది.

మార్చి 15, శనివారం

అమ్మ మధ్యాహ్నం సెంటర్ నుంచి వచ్చింది. గుమ్మం దగ్గర కాళ్లు కడుక్కుని లోపలికి నడిచింది. నాపబండల మీద తడి అడుగులు. ఎండ కదా, చూస్తుండగానే ఆరిపోయాయి. ఎడమ పాదం పడిన ప్రతిచోటా ఒక చిన్న మరక మాత్రం మిగిలింది. గుమ్మం నుంచి వంటింటి దాకా ఐదు మరకలు.

కూర్చోబెట్టి చూశాను. బొటనవేలి మొదట్లో, అరికాలి వైపు, పెసరగింజంత రంధ్రం. చుట్టూ చర్మం తెల్లగా, గట్టిగా ఉంది. అమ్మ చెంబెత్తి నీళ్లు తాగుతోంది. నేను నొక్కాను. ఇంకొంచెం గట్టిగా నొక్కాను. చెంబు దించలేదు.

"నొప్పి లేదామ్మా?"

"యాడ?" అంది.

శిల్పుల పాకల ముందు రోడ్డు నిండా రాతి పెచ్చులు ఉంటాయి. సెంటర్‌కు రోజూ అదే దారి. ఏదో గీరుకుని ఉంటుంది.

నాయనకు చెబుదామన్నాను. అమ్మ నా మణికట్టు పట్టుకుంది. "చెప్పొద్దు. ఆసుపత్రి అంటాడు. గుడ్ ఫ్రైడే దాకా గమ్మునుండు. ఐదో మాట నాకిచ్చినారు అయ్యగారు."

గుడ్ ఫ్రైడే రోజు సిలువ మీది ఏడు మాటల మీద మా గుడిలో ఏడుగురు మాట్లాడతారు. నాకు తెలిసినప్పటి నుంచి ఏడుగురూ మగవాళ్లే. ఐదోది దాహపు మాట, 'నేను దప్పిగొనుచున్నాను'. మా పాస్టరు జయరాజు అయ్యగారు ఈసారి దాన్ని స్త్రీల సమాజానికి ఇచ్చారు. సమాజం అమ్మకు ఇచ్చింది.

"కాళ్లు బాగైనాయని సాక్ష్యం చెప్పి, అవే కాళ్లకు కట్టు కట్టుకోని పోయి నిలబడాల్నా? నన్ను నమ్మినోళ్లకు ఏం చెప్పేది? నువ్వే చెప్పు."

సరేనన్నాను. మాట ఇచ్చాను. పసుపు అద్దాను. చిన్నదే.

మార్చి 16, ఆదివారం

పెసరగింజంతే ఉంది.

మార్చి 22, శనివారం

పొద్దున ఏడు గంటలు. అమ్మ మంచం అంచున కూర్చుని ఉంది. రవిక తడిసి వీపుకు అంటుకుంది. ఎదురుగా ఉన్న ఖాళీ కుర్చీ వైపు చూస్తూ, "కూర్చోండి. ఎంతసేపని నిలబడతారు" అంది. అమ్మ నాయనను కూడా అండీ అని పిలవదు.

అమ్మా అన్నాను. నా వైపు తిరిగింది. నేనెవరో తెలియదు. వచ్చిన మనిషికి నేను అడ్డుగా ఉన్నట్టు, తల పక్కకు వంచి నా వెనక్కి చూసింది. "నీళ్లు తాగతారా?" అని అడిగింది. జవాబు విన్నట్టు తల ఊపింది.

నాయన పరుగెత్తి చక్కెర నీళ్లు కలిపి తాగించాడు. సగం గడ్డం మీదుగా కారింది. వేలు గుచ్చి చూశాను. మీటర్లో నలభై ఆరు.

పావుగంటకు అమ్మ కళ్లలోకి అమ్మ వచ్చింది. ముందు నన్ను చూసింది. తర్వాత కుర్చీని చూసింది. తర్వాత నాయనతో అంది.

"ఎందుకు పంపించేసినావు ఆయన్ను?"

నాయన చేతికంటిన చక్కెర పంచెకు తుడుచుకున్నాడు. వసారాలోకి వచ్చాక నన్ను మెల్లగా అడిగాడు. "నలభై ఆరు అంటే తక్కువే గదా పాపా? తక్కువైతే మంచిదే గదా? సూది ఏసుకున్నా మూడొందలు ఉండేది."

"చూస్తాను నాయనా."

"చూడు. సదువుకున్నదానివి."

మార్చి 23, ఆదివారం

అమ్మ ఇన్సులిన్ మానేసింది. షుగరు తనంతట తనే దిగిందట. నలభై ఆరు అంకె గుడి ఆవరణంతా తిరిగింది. ఆ అంకెను మొదట బయటికి చెప్పింది నేనే. మీటరు చదివింది నేను కదా.

జయరాజు అయ్యగారు మాత్రం, "మరీ తక్కువైనా డాక్టరుకు చూపించాల గదమ్మా" అన్నారు. చూపిస్తా అయ్యగారూ అంది అమ్మ. అంత వినయంగా అంటే చూపించదని నాకు తెలుసు.

జీవమ్మత్త అమ్మ పాదాల వైపే చూస్తూ నిలబడింది. చెప్పుల్లేని, మట్టి కొట్టుకున్న, నెమ్మదిగా ఉన్న పాదాలు.

మార్చి 24, సోమవారం

ఆ పుస్తకాన్ని పై అరలో పెట్టాను. స్టూలు వేసుకుంటే తప్ప అందదు.

మార్చి 29, శనివారం

అమ్మ ముఖం నిండుగా వచ్చింది. పెళ్లి ఫోటోలో ఉన్నట్టు. వీధిలో అందరూ బాగుపడ్డావు రత్నమ్మా అంటున్నారు. పిండి పట్టించడానికి నేను వెళ్తే మిల్లులో కూడా అదే అన్నారు. ఇంట్లో కాలు తుడుస్తూ పిక్క మీద వేలు ఆనించాను. తీశాక గుంట అలాగే నిలిచిపోయింది. పది లెక్కపెట్టినా పూడలేదు.

మంట పోయింది. షుగరు దిగింది. ముఖం నిండింది. మూడూ మంచి గుర్తులే. మూడూ ఆ పుస్తకంలో ఉన్నాయి, వేరే పేర్లతో.

సాయంత్రం నాయన కాలువ నుంచి వచ్చి, "ఎవురో సూదులు, మందు బుడ్లు కాలవలో పారేసినారు. తూము కాడ చెత్తలో తట్టుకున్నాయి. మనింట్లోవి కాదు గదా?" అన్నాడు.

కాదన్నాను. మనవి ఫ్రిజ్‌లోనే ఉన్నాయి. చూశాను.

ఎవరివో కూడా తెలుసు. మా వీధిలో సూది వేసుకునేది ఇంకొక్కరే. అడగలేదు కాబట్టి చెప్పలేదు. అడిగినదానికే జవాబు చెప్పాలని నేర్చుకుంటూ పెరిగాను.

పుండు ఇప్పుడు చింతపిక్కంత.

ఏప్రిల్ 5, శనివారం

ఇల్లంతా ఫినాయిలు వేసి తుడిచాను. సాయంత్రం మళ్లీ తుడిచాను.

"ఏంది పాపా, ఎవరన్నా చుట్టాలొస్తాండారా?" అంది అమ్మ. కాలి వాసన ఆమెకు తెలియడం లేదు.

అమ్మ నీళ్లు తాగుతూనే ఉంది. మధ్యాహ్నానికి కుండ ఖాళీ. "దాహపు మాట నాకే ఎందుకిచ్చినారో ఇప్పుడు తెలిసె" అని నవ్వింది. నేనూ నవ్వాను.

ఐదో మాట మీద ప్రసంగం రాసిచ్చాను. రెండు పేజీలు. కాళ్ల గురించి, నలభై ఆరు గురించి, పక్కన నడిచే అడుగుల గురించి. అమ్మ చదివించుకుని విని, నా తల నిమిరింది. "నా నోట్లో మాటలే రాసినావు" అంది. ఇప్పుడు ఆ అడుగులు ఇంట్లోకి కూడా వస్తున్నాయట. వంటింట్లో ఆమెతో పాటే తిరుగుతున్నాయట.

రాసినవన్నీ నిజాలే. ఒక్కటి రాయలేదు.

షుగరు మీటరు స్ట్రిప్పులు అయిపోయాయి. కొనలేదు.

ఏప్రిల్ 6, ఆదివారం

కొలవలేదు.

ఏప్రిల్ 9, బుధవారం

ఈరోజు ఏమీ జరగలేదు.

లైబ్రరీలో పిల్లలు వెళ్లిపోయాక చివరి అర దాకా నడిచాను. వెనక అడుగులు. ఆగాను. ఆగాయి. నా చెప్పులే అయ్యుంటాయి. చెప్పులు విప్పి నడిచాను. నేల చల్లగా తగిలింది. తగిలిందో లేదో చూడటానికి మళ్లీ నడిచాను.

ఏప్రిల్ 11, శుక్రవారం

అమ్మ ఫోన్ ఎత్తలేదు. సిస్టర్‌ను అడిగి మధ్యాహ్నమే బస్సెక్కాను.

తలుపు తీసే ఉంది. అమ్మ చాప మీద పడుకుని ఉంది. ఒళ్లు కాలిపోతోంది. ఎడమ కాలి రెండు వేళ్లు నల్లగా, నేరేడు పళ్ల మాదిరి. చీలమండ నుంచి పైకి ఒక ఎర్రటి గీత. పాదం నిండా ఈగలు. అమ్మ వాటిని తోలడం లేదు. వాలినట్టు తెలిస్తే కదా.

"వచ్చినావా. ఆయన ఇప్పుడే బయటికి పోయినాడు. దోవలో కనపడలేదా?" అంది.

కాలువ గట్టు మీద పరుగెత్తాను. నాయన తూము దగ్గర ఉన్నాడు. చక్రం తిప్పుతున్నాడు. నేను ఎప్పుడూ అక్కడికి వెళ్లను. నన్ను చూడగానే చెయ్యి ఆగింది.

"అమ్మ కాలు" అన్నాను. "లోపల కుళ్లిపోయింది."

"ఎప్పటినుండి?"

"పుండు పడి ఇరవై ఏడు రోజులు."

"నీకు ఎప్పుడు తెలిసె?"

"ఇరవై ఏడు రోజులు."

తిడితే బాగుండేది. నాయన నా ముఖం చూశాడు, ఎవరి పిల్లో గుర్తుపడుతున్నట్టు. తూము తాళంచెవి నా చేతిలో పెట్టి పరుగెత్తాడు. ఆయన పరుగెత్తగలడని నాకు తెలియదు. తాళం వేయాలో తీసి ఉంచాలో తెలియలేదు. నీళ్లు పోతూనే ఉన్నాయి. వేసి వచ్చాను.

సాయంత్రం నంద్యాల ఆసుపత్రి. డాక్టరమ్మ సన్నటి నైలాను దారం ఒకటి తీసి, "కళ్లు మూసుకో అమ్మా. పాదానికి ఇది తగిలినప్పుడల్లా చెప్పు" అంది. అమ్మ కళ్లు మూసుకుంది.

"ఆ" అంది అమ్మ. "ఆ. ఇప్పుడు బొటనేలు. ఇప్పుడు మడమ."

నమ్మకంగా, వరసగా చెప్తూ పోయింది. డాక్టరమ్మ రెండు చేతులూ కోటు జేబుల్లో ఉన్నాయి.

ఏప్రిల్ 12, శనివారం

రెండు వేళ్లు తీసేశారు. పాదం నిలవవచ్చు అన్నారు. నిలుస్తుందని అనలేదు.

లోపలి నుంచి తీసిన రాతి పెచ్చును చిన్న గిన్నెలో పెట్టి చూపించారు. గోరంత నల్లరాయి. మూడు వైపులా గరుకు. ఒక వైపు నున్నగా చెక్కి ఉంది. ఏ విగ్రహంలో ఏ భాగమో. దాని మీద అమ్మ నెల రోజులు నడిచింది.

డాక్టరమ్మ నాయనకు ఓపికగా చెప్పింది. మంట పోవడం, నరాలు చచ్చిపోవడం. ఆ పొద్దున షుగరు పడిపోవడం, కిడ్నీలు దెబ్బతిని ఇన్సులిన్ ఒంట్లోనే నిలిచిపోవడం, పైగా ఉపవాసం. ముఖం నిండడం, నీరు. "ఇవన్నీ ఇవాళ వచ్చినవి కాదు. పదిహేనేళ్లుగా లోపల నడుస్తానే ఉన్నాయి" అంది.

నాయన చేతులు కట్టుకుని విన్నాడు. ప్రతి మాటకూ తల ఊపాడు. చివరికి అడిగాడు. "ఇవన్నీ పుస్తకాల్లో ఉంటాయామ్మా?"

నేను కిటికీ బయటికి చూశాను.

ఏప్రిల్ 14, సోమవారం

డాక్టరమ్మ రౌండ్లకు వచ్చినప్పుడు నేను వంగి అమ్మ దిండు సర్దుతున్నాను. నా మెడ మీద చల్లటి వేలు ఆనింది.

"ఇది మురికి కాదమ్మాయ్. ఎంత రుద్దినా పోదు. నెలనెలా వస్తోందా?"

ఏం చెప్పానో రాయను. నాకు కూడా ఒక పరీక్ష రాసింది.

ఏప్రిల్ 15, మంగళవారం

రక్తం ఇచ్చాను.

అమ్మ నిద్రలో ఉండగా జడ పక్కకు తీసి మెడ చూశాను. ఇన్నేళ్లు ఆమె నాది చూసింది. నేను ఆమెది ఎప్పుడూ చూడలేదు. నాకున్నట్టే ఉంది. ఇంట్లో అమ్మమ్మ ఫోటో ఒక్కటే ఉంది. అందులో ఆమె ఎండాకాలంలో కూడా కొంగు మెడ చుట్టూ కప్పుకుని ఉంటుంది.

ఏప్రిల్ 16, బుధవారం

కాగితం తెరిచాను. నా షుగరు గీత ఇంకా దాటలేదు. గీత మీద ఉంది. "ఇప్పుడే తెలిసింది, ఇంకా వెనక్కి రావచ్చు" అంది డాక్టరమ్మ. తినాల్సినవి, నడవాల్సినవి రాసిచ్చింది.

మధ్యాహ్నం అమ్మ, "పాపా, ఇటు నుండి అటు నడు" అంది. నడిచాను. కళ్లు మూసుకుని వింది.

"ఇంకోసారి."

నడిచాను.

"ఊహూఁ. నీవే. ఆయన ఈడికి రాలేదు" అంది. పిల్లలంతా వెళ్లిపోయాక అంగన్‌వాడీ తలుపు వేసేటప్పటి గొంతు.

తర్వాత జీవమ్మత్త సంగతి అడిగింది. "ఊరంతా వచ్చిపోతాండారు. ఆయమ్మ సూడను రాలేదే?"

నాయన చెప్పాడు. "రేపో మాపో వస్తాదిలే. బాగుండాదంట. కాళ్ల మంట ఆయమ్మకు కూడా పోయిందంట. సూది మానేసి చాలా దినాలైందంట. నీ ప్రార్థన వల్లే అని వీధంతా చెప్తాండాది."

అమ్మ సెలైన్ సీసా వైపు చూసింది. చుక్కలు పడుతున్నాయి.

"ఐదో మాట నువ్వు చెప్పు" అంది నాతో.

"నేనా?"

"ఆ రెండు పేజీలు కాదు. ఇది చెప్పు." కట్టు వైపు చూపించింది. "ఆయన నా పక్కన నడిచింది నిజమే. నా కాళ్లే నాకు అబద్ధం చెప్పినాయి. అట్లా చెప్పు."

"నాకు నలుగురిలో మాట రాదమ్మా."

"వచ్చుంటే నా కాలి యేళ్లు ఉండేవి" అంది. కోపంగా కాదు. అందుకే ఇక్కడ రాస్తున్నాను.

ఏప్రిల్ 17, గురువారం

జీవమ్మత్త ఇంటికి ఫోన్ చేశాను. ఎత్తింది. అంతా చెప్పాను. "మీ యమ్మకు రాయి గుచ్చుకునింది పాపా. రాయికీ షుగరుకూ ఏం సంబంధం? నా కాళ్లు సూడు, పువ్వుల మాదిరి ఉండాయి" అంది. రేపు గుడిలో కలుద్దాం అంది.

ఏప్రిల్ 18, శుక్రవారం. గుడ్ ఫ్రైడే

నాయన ఆసుపత్రిలో అమ్మ దగ్గర ఉన్నాడు. ఒక్కదాన్నే వచ్చాను.

గుడి నిండిపోయింది. ఫ్యాన్లు తిరుగుతున్నా చెమట. నాలుగో మాట అయ్యేసరికి నా అరచేతులు తడిసి, మడిచిన కాగితం మెత్తబడింది. అయ్యగారు నా పేరు పిలిచారు. "రత్నమ్మగారి బదులు వాళ్ల పాప కరుణ" అన్నారు.

కాగితం తెరవలేదు. చెప్పింది ఇంతే.

మా అమ్మకు నెలంతా దాహం వేసింది. మేము నవ్వుకున్నాం. మా అమ్మ కాళ్ల మంట పోయింది బాగై కాదు, నరాలు చచ్చిపోయి. పుండు చూసి కూడా ఇరవై ఏడు రోజులు నేను ఎవరికీ చెప్పలేదు. ఆమె రెండు వేళ్లు తీసేశారు. మందు మానమని దేవుడు ఆమెకు చెప్పలేదు. మీలో ఎవరికైనా కాళ్ల మంట దానంతట అదే పోయి ఉంటే, దయచేసి చెప్పుల్లేకుండా నడవకండి, రేపే డాక్టరుకు చూపించుకోండి.

గొంతు ఎక్కడా వణకలేదు. ఎవరో నా పక్కన నిలబడి చెప్తున్నట్టు ఉంది.

స్తోత్రం అని ఎవరూ అనలేదు. ఫ్యాన్ల చప్పుడు. అయ్యగారు "ప్రార్థన చేద్దాం. మోకరించండి" అన్నారు. చాపల మీద అందరూ మోకాళ్లూనారు.

నేను ఆడవాళ్ల వైపు గోడ వెంట చివరికి నడిచాను. అందరి వెనక్కి చేరి, తిరిగి చూశాను. ఇన్నేళ్లూ ప్రార్థనలో నేనూ కళ్లు మూసుకునేదాన్ని. ఇది ఎప్పుడూ చూడలేదు. వరస వెనక వరస, అరికాళ్లు. అన్నీ పైకి తిరిగి ఉన్నాయి. ముఖాలు లేవు. పగిలినవి, పసుపు పూసినవి, పారాణి చెరగనివి, ముడతలు పడినవి. అన్నీ నా వైపే చూస్తున్నాయి.

చివరి నుంచి రెండో వరసలో జీవమ్మత్త. ఆమె పాదాలు నిజంగానే శుభ్రంగా ఉన్నాయి. కుడి మడమలో తుమ్మముల్లు ఒకటి దిగి విరిగి ఉంది. మొదలు దాకా దిగింది. చుట్టూ చర్మం బూడిద రంగు.

ఆమె వెనక కూర్చున్నాను. ముల్లు మీద బొటనవేలు పెట్టాను. అయ్యగారు రోగుల కోసం ప్రార్థిస్తున్నారు. జీవమ్మత్త ఆయన ప్రతి మాట వెంట అవును ప్రభువా అంటోంది. నొక్కాను. అవును ప్రభువా అంది. పాదం మొత్తం రెండు చేతులతో పట్టుకున్నాను. వేడిగా ఉంది. గొంతులో మార్పు లేదు.

ఆమేన్ అన్నారు. అందరూ కదిలారు. నేను వదల్లేదు.

జీవమ్మత్త లేవబోయింది. కాలు రాలేదు. ఏదో చీర తట్టుకుందనుకుని వెనక్కి తిరిగింది. ముందు నన్ను చూసి నవ్వింది. తర్వాత నా చేతులను చూసింది. ఆ చేతుల్లో ఉన్నది ఎవరి పాదమో అని చూసింది.

"ఎప్పటినుండి పట్టుకోనుండావు పాపా?" అంది, నాకు మాత్రమే వినపడేటట్టు.